ఆర్సీబీ ఫ్యాన్‌ని, ఈసారి ఢిల్లీ వైపు

కడప జిల్లాలో పుట్టినవాళ్లకు ఐపీఎల్‌లో సొంత టీమ్ అంటూ ఉండదు. ఇది నా పాత సిద్ధాంతం. కావాలంటే మ్యాప్ తీసి చూడండి. కడప నుంచి బెంగళూరు సుమారు 260 కిలోమీటర్లు. చెన్నై కూడా ఇంచుమించు అంతే. హైదరాబాద్ 400 దాటుతుంది. భాష చూసుకుంటే హైదరాబాద్ మనది, ఉద్యోగం చూసుకుంటే బెంగళూరు మనది, ధోనీని చూసుకుంటే చెన్నై మనది. అందుకే మా ఇంట్లోనే మూడు పార్టీలున్నాయి. నాన్న చెన్నై, తమ్ముడు సన్‌రైజర్స్, నేను ఆర్సీబీ. అమ్మ మాత్రం ఎవరు ఓడిపోతుంటే వాళ్ల వైపు.

కర్నూలు వాళ్లకు ఈ తిప్పలు లేవు. హైవే ఎక్కితే నాలుగు గంటల్లో ఉప్పల్ స్టేడియం. నేను ఇంజనీరింగ్ చదివింది కర్నూల్లోనే. లేడీస్ హాస్టల్లో అరవై మందికి ఒక్క టీవీ. రాత్రి ఎనిమిదైతే సీరియల్ పెట్టాలనే పార్టీ ఒకటి, మ్యాచ్ పెట్టాలనే పార్టీ ఒకటి. మా పార్టీ బలం ఐదుగురు. నంద్యాల నుంచి వచ్చిన నా రూమ్మేట్ వార్నర్ భక్తురాలు. 2016 మే 29న ఫైనల్లో హైదరాబాద్ మా ఆర్సీబీని 8 పరుగుల తేడాతో ఓడించినప్పుడు ఆ పిల్ల మంచం మీద ఎక్కి గంతులేసింది. రెండు రోజులు దాంతో మాట్లాడలేదు. మూడో రోజు పరీక్ష ఉంది, నోట్సు దాని దగ్గరే ఉన్నాయి, మాట్లాడక తప్పలేదు.

మ్యాచ్ చూసే అమ్మాయికి ఇంకో బాధ కూడా ఉంటుంది. మగపిల్లలు ఆపి పరీక్ష పెడతారు. సిల్లీ పాయింట్ ఎక్కడుంటుంది? డక్‌వర్త్ లూయిస్ అంటే ఏంటి? ‘కోహ్లీ బాగుంటాడనే కదా చూసేది’ అని చివర్లో ఒక తీర్పు. ఆఫీసులో ఇప్పటికీ ఇదే గోల. ఉద్యోగం ఇచ్చినప్పుడు కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

సరే, ఆర్సీబీ దగ్గరికి వద్దాం. 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో పంజాబ్ మీద 6 పరుగులతో గెలిచి, పద్దెనిమిదో సీజన్లో మొదటిసారి కప్పు కొట్టారు. (ఆర్సీబీ ఆడవాళ్ల టీమ్ అంతకు ఏడాది ముందే, 2024లోనే కొట్టింది. ఈ మాట చెప్తే మా ఆఫీసులో సగం మంది ‘అవునా’ అంటారు.) ఆ రాత్రి బెంగళూరులో ఎవరూ నిద్రపోలేదు. మరుసటి రోజు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. నేనా సాయంత్రం ఆఫీసులోనే ఉన్నాను, రిలీజ్ ఉండబట్టి. మా టీమ్‌లో ముగ్గురు మధ్యాహ్నమే వెళ్లారు. ఇద్దరు మెట్రో దిగీ దిగగానే జనాన్ని చూసి వెనక్కి తిరిగారు. మూడోవాడు రాత్రి పది దాకా ఫోన్ ఎత్తలేదు. ఫోన్ ఎక్కడో పడిపోయింది, మనిషి బాగానే ఉన్నాడు. ఆ నాలుగు గంటలూ మేం ఎట్లా గడిపామో మాకే తెలుసు. ఊరి నుంచి అమ్మ పద్నాలుగు సార్లు చేసింది. ఆ ఎర్ర జెర్సీ ఇంకా బీరువాలోనే ఉంది. పారేయలేదు, వేసుకోనూ లేదు. కప్పు చూడ్డానికి పోయినవాళ్లు కాలేజీ పిల్లలు, నాలాంటి ఉద్యోగస్తులు. టీమ్ అంటే ప్రాణం అని మనం ఊరికే అంటుంటాం చూడండి, ఆ మాట అప్పటి నుంచి నా నోట రావడం లేదు.

మగవాళ్ల టెస్ట్ టీమ్ గురించి ఎక్కువ రాయను, బీపీ పెరుగుతుంది. నవంబర్లో దక్షిణాఫ్రికా వచ్చింది. కోల్‌కతాలో 124 కొట్టలేక 93కి ఆలౌట్. ఆ పిచ్ మేం అడిగిందే అని కోచ్ గంభీరే చెప్పాడు. అంటే గొయ్యి మనమే తవ్వి, కొలత కూడా మనమే చూసుకుని పడ్డామన్నమాట. గువాహటిలో 408 పరుగుల తేడాతో ఓటమి. పరుగుల లెక్కన మన టెస్ట్ చరిత్రలో ఇంతకంటే పెద్ద ఓటమి లేదు. ఆ తర్వాత విశాఖలో వన్డే గెలిచి, జైస్వాల్ సెంచరీ, కోహ్లీ, రోహిత్ హాఫ్ సెంచరీలు చూసి అందరూ అన్నీ మర్చిపోయారు. మన జ్ఞాపకశక్తి అంతే. ఏడాది మొత్తంలో మగవాళ్ల టెస్టుల్లో నాకు గుర్తుండిపోయేది ఒకే ఒక్క బంతి. ఆగస్టు 4న ఓవల్లో సిరాజ్ వేసిన యార్కర్, అట్కిన్సన్ వికెట్ ఎగిరిపోయిన బంతి. అటు చివర వోక్స్ చేతికి కట్టు కట్టుకుని నిలబడి ఉన్నాడు. 6 పరుగులతో గెలిచాం. ఆఫీసు మీటింగ్‌లో మ్యూట్ పెట్టి అరిచాను. కెమెరా ఆన్‌లో ఉందని తర్వాత ఎవరో చెప్పారు.

తిలక్ వర్మ గురించి కూడా ఒక మాట. ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద 69 నాటౌట్ అనగానే అందరూ ఆ సిక్సర్ల గురించి మాట్లాడతారు. నాకు మాత్రం మూడు వికెట్లు వెంటవెంటనే పడిపోయాక ఆ కుర్రాడు తొందరపడకుండా ఆడిన ఆ కాసేపే ఇష్టం.

ఇంతవరకూ ఎవరైనా రాసేవే. ఇప్పుడు మా జిల్లా సంగతికి వస్తాను.

ఎర్రగుంట్ల వైపు ఎప్పుడైనా పోయారా? సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల పాలిష్ యూనిట్లు, రోడ్డు పక్కన ఆకుల మీద తెల్ల దుమ్ము, దూరంగా రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటు పొగగొట్టాలు. ఎండాకాలం అటు బస్సులో పోతే కిటికీ ఊచ ముట్టుకోలేం. ఆ చుట్టుపక్కలే, వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె, శ్రీచరణి ఊరు. వాళ్ల నాన్నగారిది ఆ థర్మల్ ప్లాంటులోనే ఉద్యోగం. చిన్నప్పుడు ఆ అమ్మాయి ఆడింది ఖోఖో, పరుగు పందేలు, బ్యాడ్మింటన్. క్రికెట్ గట్టిగా పట్టుకున్నది పదహారేళ్లకు. ఇరవై ఒకటికి ప్రపంచ కప్పు.

మొదట నేను కూడా పెద్దగా పట్టించుకోలేదు. 2025 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తన తొలి టీ20లోనే ఇంగ్లండ్ మీద 12 పరుగులకు 4 వికెట్లు తీసినప్పుడు మా కాలేజీ గ్రూపులో ఎవరో స్క్రీన్‌షాట్ పెట్టారు. ‘మన కడప పిల్లనంట’ అని. ఆ సిరీస్‌లో అయిదు మ్యాచ్‌ల్లో 10 వికెట్లు. అప్పటి నుంచి స్కోర్‌కార్డులో ముందు ఆ పేరు వెతుక్కోవడం అలవాటైంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. వికెట్లు అందరూ లెక్కపెడతారు. చరణి బౌలింగ్ చూడాల్సింది మిగతావాళ్లు బాదించుకుంటున్నప్పుడు. అక్టోబర్ 12న విశాఖలో ఆస్ట్రేలియా 331 పరుగుల టార్గెట్ కొట్టి గెలిచింది, హీలీ 142 బాదింది. ఆ మ్యాచ్‌లో చరణి 10 ఓవర్లు, 41 పరుగులు, 3 వికెట్లు. సెమీఫైనల్లో అదే ఆస్ట్రేలియా 338 కొట్టింది. అందులోనూ చరణి 10 ఓవర్లు, 49 పరుగులు, 2 వికెట్లు. చుట్టూ ఇల్లు తగలబడుతుంటే ఒక మూల కూర్చుని బియ్యం ఏరుకుంటున్నట్టు ఉంటుంది ఆ పిల్ల బౌలింగ్. టోర్నీ మొత్తంలో 14 వికెట్లు, మన టీమ్‌లో దీప్తి శర్మ తర్వాత ఎక్కువ తనవే.

నవంబర్ 2 ఫైనల్ రోజు నేను ఊర్లోనే ఉన్నాను. ఆదివారం, సోమవారానికి వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకున్నా. వాన వల్ల మ్యాచ్ ఆలస్యమై అర్ధరాత్రి దాకా సాగింది. మా అవ్వ జీవితంలో మొదటిసారి ఒక క్రికెట్ మ్యాచ్ పూర్తిగా చూసింది. కెమెరా ఎవరి మీదికి పోయినా ‘ఈ పిల్లేనా మనది?’ అని అడిగేది. హర్మన్‌ప్రీత్‌ను చూపించినా అదే ప్రశ్న, అంపైర్‌ను చూపించినా అదే ప్రశ్న. బాష్‌ను చరణి ఎల్బీడబ్ల్యూ చేసినప్పుడు నాన్న లేచి నిలబడ్డాడు. వోల్వార్ట్ ఒక్కతే సెంచరీ కొట్టి పోరాడుతోంది. మామూలుగా అయితే మా అమ్మ ఈపాటికి దక్షిణాఫ్రికా పార్టీలోకి దూకేయాలి. ఆ రోజు దూకలేదు. అమన్‌జోత్ చేతుల్లో ఎగిరెగిరి పడుతున్న క్యాచ్ నిలబడగానే అమ్మే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. 52 పరుగులతో గెలుపు.

ఆ తర్వాత ఊర్లో ఫ్లెక్సీలు లేచాయి. వాటిలో చరణి ఫొటో పాస్‌పోర్టు సైజు, నాయకుల ఫొటోలు నిలువెత్తు. రాష్ట్ర ప్రభుత్వం 2.5 కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటి స్థలం ప్రకటించింది. మంచిదే, ఇవ్వాల్సిందే. కానీ ఆ అమ్మాయి పదహారేళ్లప్పుడు ఏ బస్సెక్కి ఎక్కడికి పోయి ప్రాక్టీస్ చేసిందో, ఎవరు తోడు పోయారో, ఆ లెక్క ఏ ఫ్లెక్సీలోనూ ఉండదు. ‘మన పిల్ల’ అని అరిచిన గొంతుల్లో నాదీ ఒకటి. అందుకే ఈ లెక్క నన్ను గుచ్చుతోంది.

నవంబర్ నెల అసలు విచిత్రమైన నెల. 2న ఇది. 23న కొలంబోలో అంధ మహిళల టీ20 ప్రపంచ కప్పు, నేపాల్ మీద 7 వికెట్లతో గెలుపు. 24న ఢాకాలో మహిళల కబడ్డీ ప్రపంచ కప్పు, చైనీస్ తైపీ మీద 35-28. మూడు వారాల్లో మూడు ప్రపంచ కప్పులు, మూడూ ఆడవాళ్లవే. ఆ అంధుల టీమ్ కెప్టెన్ దీపికది కూడా మన సీమే. ఆడేది కర్ణాటక తరఫున, ఊరు మాత్రం మడకశిర వైపు తంబలహట్టి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌ను కలిసినప్పుడు ఆమె అడిగింది ఊరికి రోడ్డు. మంజూరు కూడా అయింది. ప్రపంచ కప్పు తెచ్చినవాళ్లు ఇంకేమైనా అడగొచ్చు. రోడ్డు అడగాల్సి రావడమే నాకు మింగుడు పడలేదు.

ఇప్పుడు మా అక్క కూతురు. ఏడో తరగతి, పన్నెండేళ్లు, ప్రొద్దుటూరు. ఫైనల్ అయిన మర్నాటి నుంచి ‘నేను బౌలర్ అవుతా పిన్నీ’ అని పట్టుకుంది. కుడిచేతి పిల్ల. చరణి ఎడమచేత్తో వేస్తుందని నెల రోజులు తనూ ఎడమచేత్తో వేసి, భుజం నొప్పి పుట్టి మళ్లీ కుడిచేతికి వచ్చింది. మేడ మీద నీళ్ల ట్యాంకు గోడకు సుద్దముక్కతో మూడు గీతలు గీసుకుంది, అవే వికెట్లు. టెన్నిస్ బంతితో రోజూ గంట. నేను వీడియో కాల్‌లో చూస్తుంటాను. పది బంతుల్లో ఆరు ఆ గీతలకే తగులుతున్నాయి. అభిమానంతో చెప్పడం లేదు, లెక్కపెట్టాను.

సమస్య ఏంటంటే, ఆ మేడ దాటితే ఇంకెక్కడా చోటు లేదు. ఇంటి దగ్గర్లో ఒక గ్రౌండ్ ఉంది. దసరాకు ఎగ్జిబిషన్, ఎన్నికలకు సభలు, మిగతా రోజుల్లో లారీలు. ఖాళీగా ఉన్న ఉదయం పూట మగపిల్లల గ్యాంగులు ఆరు పిచ్‌లు పరుచుకుంటాయి. ఒకరోజు మా పాప పోయి నిలబడితే, బౌండరీ దాటిన బంతులు తెచ్చిమ్మన్నారట. బడిలో టైంటేబుల్ ప్రకారం వారానికి రెండు ఆటల పీరియడ్లు ఉన్నాయి. రెండూ లెక్కల సార్ తీసుకుంటారు. కడపకు పోతే రాజారెడ్డి స్టేడియం ఉంది, రంజీ మ్యాచ్‌లు జరుగుతాయి, నేర్పించేవాళ్లూ ఉంటారు. ప్రొద్దుటూరు నుంచి యాభై కిలోమీటర్ల పైమాటే. వారానికి నాలుగు రోజులు పన్నెండేళ్ల ఆడపిల్లను ఎవరు తీసుకెళ్లి తీసుకొస్తారు? అక్కకు టైలరింగ్ షాపు, బావకు ఎరువుల కొట్టు.

అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ చూసినవాళ్లకు నా కడుపుమంట అర్థమవుతుంది. మనలాంటి ఎండిన జిల్లానే. అక్కడ పచ్చటి గ్రౌండ్లు పరిచారు. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడే ఆడించారు. నీళ్లు లేవు, ఎండలు ఎక్కువ అనే మాట ఇంకెవరూ చెప్పడానికి లేదు.

బావ భయం వేరే. ‘క్రికెట్ అంటే మన ఊర్లో ఆట యాడిది, బెట్టింగ్ కదా’ అంటాడు. ఆయన మాట తీసేయలేను. మ్యాచ్ రోజు టీ కొట్టు దగ్గర ఎవరు ఆడుతున్నారని కాదు, ‘రేటెంత’ అని అడిగేవాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. పొలం పోగొట్టుకున్న ఇల్లు మా వీధిలోనే ఉంది. ఆంధ్రలో ఆన్‌లైన్ పందేలు 2020 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేస్తూ కేంద్రం చట్టం తెచ్చింది, ఇండియా జెర్సీ మీద డ్రీమ్ ఎలెవన్ పేరు పోయి అపోలో టైర్స్ వచ్చింది. నాకైతే సంతోషమే. కానీ టీ కొట్టు దగ్గర ‘రేటెంత’ అనే మాట ఏ యాప్‌లోనూ లేదు, దాన్ని డిలీట్ చేయడానికి.

నితీశ్ కుమార్ రెడ్డి సంగతి ఎత్తాను. మెల్‌బోర్న్‌లో 114 కొట్టినప్పుడు స్టాండ్స్‌లో ఏడ్చిన వాళ్ల నాన్నను దేశమంతా చూసింది కదా, కొడుకు ఆట కోసం ఉద్యోగమే వదిలేసిన మనిషి ఆయన అన్నాను. బావ ఇడ్లీ తింటూ, ‘ఆ యప్ప ఉద్యోగం వదిలేసినాడు సరే. నేను కొట్టు మూసుకోవాల్నా?’ అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

చెస్ నేర్పిద్దాం, ఇంట్లో కూర్చుని ఆడుకుంటుంది అనేది బావ రెండో ప్రతిపాదన. చెస్ మీద నాకు చిన్నచూపు ఏమీ లేదు, నేనే బస్సులో ఫోన్లో ఆడి ఓడిపోతుంటాను. మొన్న డిసెంబర్ చివర్లో దోహాలో అర్జున్ ఇరిగేశి ర్యాపిడ్‌లో కంచు, బ్లిట్జ్‌లో కంచు తెచ్చాడు. బ్లిట్జ్‌లో మన వరంగల్ కుర్రాడి చేతిలో ఓడిపోయి కార్ల్‌సన్ బల్ల గుద్దిన వీడియో ఈపాటికి మీకూ వచ్చే ఉంటుంది. కోనేరు హంపి ర్యాపిడ్‌లో మొదటి స్థానంతో సమానంగా పాయింట్లు తెచ్చుకుని, టైబ్రేక్ లెక్కల్లో కంచుతో సరిపెట్టుకుంది. 38 ఏళ్లు, బిడ్డ తల్లి, అంతకు ముందు ఏడాది న్యూయార్క్‌లో ఇదే టోర్నీలో చాంపియన్. జూలైలో బటూమిలో ప్రపంచ కప్పు ఫైనల్లో తన వయసులో సగం ఉన్న దివ్య దేశ్‌ముఖ్ చేతిలో ఓడిపోయినప్పుడు ‘ఇక హంపి పని అయిపోయింది’ అన్నవాళ్లు మళ్లీ కనపడలేదు. ఇదంతా మా పాపకు చెప్పాను. శ్రద్ధగా విని, ‘బాగుంది పిన్నీ. కానీ చెస్‌లో బంతి ఉండదు కదా’ అంది. ఆ చర్చ అంతటితో సరి.

కబడ్డీ అయినా నేర్పించమని అక్క అంది. కబడ్డీ అనగానే నాకు తెలుగు టైటాన్స్ గుర్తొచ్చి నవ్వొస్తుంది. 2014 నుంచి పన్నెండు సీజన్లు, కప్పు సున్నా. రాహుల్ చౌదరి అయ్యాడు, పవన్ సెహ్రావత్ అయ్యాడు. ఈసారి ఆగస్టులో విశాఖలో మొదలైన సీజన్లో విజయ్ మలిక్ కెప్టెన్సీలో ప్లేఆఫ్స్ దాకా వచ్చి, రెండో క్వాలిఫయర్‌లో పుణె చేతిలో పోయారు. కప్పు దబంగ్ ఢిల్లీ ఎత్తుకుపోయింది. పేరుకే తెలుగు, ఆడేది హర్యానా పిల్లలు అని మా తమ్ముడు సణుగుతుంటాడు. నాకు ఆ అభ్యంతరం లేదు. మన ఆర్సీబీలో బెంగళూరు వాళ్లెంతమంది?

ఫుట్‌బాల్ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తా. డిసెంబర్ 13న మెస్సీ హైదరాబాద్ వచ్చి ఉప్పల్లో కాసేపు బంతి తన్నాడు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా ఆడారు. అదే రోజు కోల్‌కతాలో సరిగ్గా కనపడలేదని జనం కుర్చీలు విరగ్గొట్టారు. హైదరాబాద్‌లో అంతా ప్రశాంతం అని అందరూ మెచ్చుకున్నారు. అంతకు రెండు నెలల ముందే హైదరాబాద్ ఎఫ్‌సీ, 2021-22లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన క్లబ్, పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. దానికి మాత్రం ఎవరూ ఒక్క కుర్చీ కూడా కదిలించలేదు. 1956 ఒలింపిక్స్‌లో ఇండియాను నాలుగో స్థానానికి తీసుకెళ్లిన కోచ్ రహీమ్ సాబ్ ఊరు అది.

సరే, మా సీమలో నిజంగా జనం ఎగబడే ఆట ఏదో చెప్పనా? బండలాగుడు. సంక్రాంతి వస్తోంది, ఇక తిరునాళ్లు వరుసగా ఉంటాయి. కర్నూలు, నంద్యాల, కడప, ప్రకాశం, ఎక్కడ పోటీ పెట్టినా ఒంగోలు జాతి ఎడ్లు లారీల్లో దిగుతాయి. ఇచ్చిన టైములో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. మైకు పట్టుకున్నాయన అడుగులు, నిమిషాలు, యజమాని పేరు, ఊరి పేరు ఊపిరి తీసుకోకుండా చెప్తుంటే మన టీవీ కామెంటేటర్లు ఎందుకూ పనికిరారు. ఇప్పుడు అన్నీ యూట్యూబ్ లైవ్. బెంగళూరులో మా ఆఫీసు సెక్యూరిటీ ఆయనది బనగానపల్లె, ఆయన రాత్రి డ్యూటీలో చూసేవి ఇవే.

బావ, వాళ్ల అన్నదమ్ములు కలిసి ఊర్లో ఒక జత మేపుతున్నారు. ఎరువుల కొట్టు లెక్కలు పైసాతో సహా రాసే మనిషి, ఎడ్ల ఖర్చు ఎంతని అడిగితే మాట మారుస్తాడు. వాటికి ఉలవలు ఉడకబెట్టాలి, తవుడు కలపాలి, రోజూ నడిపించాలి, ఇసుకలో బరువు లాగించి కాళ్లు గట్టిపడేలా చేయాలి, పోటీకి ముందు రోజు నిద్ర చెడకూడదు. బావ ఇదంతా చెప్తుంటే నాకు బెంగళూరు జిమ్‌లో ట్రైనర్ గుర్తొస్తాడు. వంద కిలోమీటర్ల దూరంలో పోటీ ఉన్నా లారీ మాట్లాడుకుని పోతారు. దారి దూరమనే మాట అక్కడ ఎవరి నోటా వినలేదు.

మొన్న కొత్త సంవత్సరం సెలవుకు పోయినప్పుడు రాత్రి భోజనాల దగ్గర బావ వాళ్ల అన్నతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. కొత్తగా కొన్న కోడెలను ఏ విభాగంలో దించాలన్నది చర్చ. ఈ పోటీల్లో వయసును పళ్లతో లెక్కిస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన సీనియర్స్. లేత కోడెలను ముందు పాలపళ్ల విభాగంలో ఆడించాలి, జనానికి, మైకుకు బెదరకుండా అలవాటు చేయాలి, ఒకేసారి పెద్ద బండకు కడితే నడుం విరుగుతుంది అని బావ గట్టిగా వాదిస్తున్నాడు. ఫోన్ పెట్టేశాక మా పాప పెరుగన్నం కలుపుకుంటూ అడిగింది.

‘నాన్నా, అమ్మాయిలకు అండర్-15 అని ఉంది. అంటే పాలపళ్ల విభాగమే కదా?’

బావ ఏమీ అనలేదు.

‘చరణక్క పదహారేళ్లకు మొదలుపెట్టింది. అంటే రెండు పళ్లకు. నేను పాలపళ్లకే దిగుతా అంటున్నా. మన కోడెలనైతే ముందే దించుతావు కదా.’

అక్క నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. నేను తల దించుకుని తింటూ ఉన్నా. బావ కాసేపు కంచం వైపు చూసి, ‘నీకు ఈ మాటలు ఎవరు నేర్పిచ్చినారు, మీ పిన్నేనా?’ అన్నాడు. నేను నేర్పలేదు, ఒట్టు. నాకు అంత తెలివి ఉంటే మూడేళ్ల కిందటే మేనేజర్ అయ్యేదాన్ని.

బావ సరే అనలేదు. కానీ కాదని కూడా అనలేదు. ‘పండగ కానీ. ఒక ఆదివారం కడపకు పోయి అడిగి చూస్తాం. అడగడమే. మార్కులు తగ్గితే ఆ రోజే నిలిపేస్తా’ అన్నాడు. వారానికి నాలుగు రోజుల సంగతి ఇంకా తేలలేదు. రెండు రోజులు అక్క, ఒక రోజు నాన్న తోడు పోతామంటున్నారు. నాలుగో రోజుకు ఎవరూ దొరకలేదు. శుక్రవారం అయితే నేను రాత్రి బస్సుకు వచ్చి శనివారం పొద్దున తీసుకెళ్లగలను, అది కూడా రిలీజ్ లేని వారం. మా బాస్‌కు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

2026 జనవరి 9న డబ్ల్యూపీఎల్ మొదలైంది. చరణిని ఢిల్లీ క్యాపిటల్స్ నవంబర్ వేలంలో 1.3 కోట్లకు మళ్లీ కొనుక్కుంది. అంతకు ముందు సీజన్‌కు 55 లక్షలు. ఢిల్లీ 2025 దాకా మూడు ఫైనల్స్ ఆడి మూడూ ఓడిపోయిన టీమ్, అంటే మా అమ్మకు సరిగ్గా సరిపోయే టీమ్. ఆర్సీబీ, ఢిల్లీ తలపడే రోజు నేను ఎటువైపు అని ఆఫీసులో అడుగుతున్నారు. ఢిల్లీయే. బౌలింగ్ మా వాళ్లది, బ్యాటింగ్ వాళ్లది అయితే మరీ ఢిల్లీ.

మా పాపకు స్పైక్స్ బూట్లు కావాలట. ప్రొద్దుటూరులో రెండు షాపులు తిరిగారు. అబ్బాయిల సైజులే ఉన్నాయి, అన్నీ పెద్దవి. బెంగళూరులో చూడమని నిన్న మెసేజ్ పెట్టింది. మూడో నంబర్, తెలుపు రంగు, వీలైతే శనివారం లోపల.